గుర్తు లేని నగలు

ఇది మన తాతల తాతలు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్నప్పటి మాట. ఏటి ఒడ్డున పసిడిమెట్ట అనే పట్టణం ఉండేది. ఆ పట్టణంలో సూరమ్మ అనే కంసాలి ఉండేది.

ఆడవాళ్ళు కుంపటి ముందు కూర్చుని నగలు చేయడం ఆ రోజుల్లో అరుదు. కానీ సూరమ్మ తండ్రి నాగోజుకు కొడుకులు లేరు. ఆయన కూతురినే పక్కన కూర్చోబెట్టుకుని, ఊదుగొట్టం పట్టుకోవడం దగ్గర నుంచి పని మొత్తం నేర్పాడు. తండ్రి పోయాక, ఆ తర్వాత కొన్నాళ్ళకు పెనిమిటి కూడా పోయాక, ఆ కుంపటే ఆమెకు తోడూ నీడా అయింది.

సూరమ్మ నగలు ముందే చేసి అమ్మకానికి పెట్టేది కాదు. ఎవరైనా వస్తే ముందు చాప వేసి కూర్చోబెట్టేది. మజ్జిగ ఇచ్చేది. ఆ మాటా ఈ మాటా మాట్లాడుతూ వాళ్ళ చేతులు చూసేది, మెడ చూసేది, రోజంతా ఏ పని చేస్తారో అడిగేది. ఆ తర్వాతే కుంపటి రాజేసేది.

"గాజులకి ఇన్ని మాటలెందుకమ్మా?" అని ఒకసారి ఒక సాలె ఇల్లాలు అడిగింది.

"నువ్వు మగ్గం మీద కూర్చునే దానివి. నీ గాజుకి ఎక్కడ చిన్న మొన ఉన్నా దారం పట్టుకుంటుంది. నీళ్ళు మోసే ఆవిడకైతే ఆ మొన ఉన్నా పరవాలేదు, గాజు జారకుండా ఉంటే చాలు. అడగకపోతే నాకెలా తెలుస్తుంది?" అన్నది సూరమ్మ.

నగ పూర్తయ్యాక లోపలి వైపు చిటికెన వేలితో ఒకసారి తడిమి చూసేది. ఎక్కడా గరుకు తగలకపోతే, ఒక మూల చిన్న ముద్ర కొట్టేది. అది పిచ్చుక పాదం గుర్తు. ఆ గుర్తు ఉన్న నగ అంటే ఆ చుట్టుపక్కల నాలుగు పరగణాల్లో ఎవరూ మారు మాట్లాడేవారు కాదు.

పేరు అలా ఉండేది. ఒళ్ళు మాత్రం మరోలా ఉండేది.

ఒంటరి పని కదా. బొగ్గు తనే తెచ్చుకోవాలి. బేరం తనే ఆడాలి. ఊదడం తనే, సాగగొట్టడం తనే, అతకడం తనే, మెరుగు పెట్టడం తనే. వచ్చినవాళ్ళు కోప్పడితే పడేది తనే. పొగకు కళ్ళు నీళ్ళు కారేవి. పొద్దు గూకే వేళకు కుడి భుజం రాయిలా బిగుసుకుపోయేది. కంచం ముందు కూర్చుంటే అన్నం కలుపుకోవడానికి చేయి లేచేది కాదు. ఎడం చేత్తో ఇంత గంజి తాగి పడుకునేది.

అదే పట్టణంలో పెద్దబజారులో కుప్పయ్య శెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. అతనిది పెద్ద అంగడి. వెనక వైపు పొడుగాటి పాకలో ఎందరో పనివాళ్ళు అచ్చుల్లో పోసి ఒకే రకం నగలు రోజూ బుట్టలకొద్దీ తీసేవారు. శెట్టి చెడ్డవాడు కాదు. మంచి మాటకారి. అతనికి ఒకటే దిగులు. ఎన్ని నగలు పరిచినా, వచ్చినవాళ్ళు తిప్పి తిప్పి చూసి, "దీని మీద పిచ్చుక పాదం లేదే" అని కింద పెట్టేవారు.

ఇలా ఉండగా, సేనాపతి భార్య సూరమ్మ చేత వడ్డాణం చేయించుకోవాలనుకుంది. సూరమ్మ ఆమె నడుము కొలత తీసుకుని, ఆమె కూర్చునే తీరు, నడిచే తీరు చూసి, సన్నగా చక్కగా చేసి పట్టుకెళ్ళింది.

"కాస్త వెడల్పు చెయ్యి," అన్నది ఆమె.

సూరమ్మ వెడల్పు చేసింది.

"మరీ వెడల్పయింది. మధ్యలో నెమలి పెట్టు."

నెమలి పెట్టింది.

"నెమలి మా వదినకు ఉంది. హంస పెట్టు."

హంస పెట్టింది. హంస మెడ పొడుగన్నది. మెడ తగ్గిస్తే బాతులా ఉందన్నది. ఎండాకాలం మొత్తం ఆ వడ్డాణం చుట్టూనే తిరిగింది. చివరికి సేనాపతి భార్య అద్దం ముందు నిలబడి చాలాసేపు ఆలోచించి, "నువ్వు మొదట చేసినదే బాగుందనుకుంటా సూరమ్మా," అన్నది.

సూరమ్మ హంసను కరిగించి, మళ్ళీ మొదటిలాగే చేసి ఇచ్చింది. ఇంటికి వచ్చి గుమ్మంలో అలాగే కూలబడింది. 

అప్పుడే కుప్పయ్య శెట్టి ఆ దారిన వచ్చాడు.

"సూరమ్మా, నీ అవస్థ చూస్తుంటే జాలేస్తోంది. నా అంగడిలో చల్లటి వసారా ఉంది. వచ్చి ఊరికే కూర్చో. నా పనివాళ్ళు చేసిన నగల మీద నీ పిచ్చుక పాదం కొట్టు. అంతే పని. నీ ఇంటికి బియ్యం, నూనె, బట్ట ఏ లోటూ రాకుండా నేను చూస్తాను," అన్నాడు.

సూరమ్మ నవ్వింది. "నేను చేయని నగకి నా గుర్తెందుకు శెట్టిగారూ?"

"జనానికి కావలసింది ఆ గుర్తే కదా."

"కాదులెండి," అని సూరమ్మ లేచి లోపలికి వెళ్ళింది.

తర్వాత ఒక పెళ్ళివారు వచ్చారు. పెళ్ళికూతురికి కాసులపేరు కావాలన్నారు. బంగారం వాళ్ళే తెచ్చారు. బంగారంతో పాటు పెళ్ళికూతురి మేనమామను కూడా తెచ్చి సూరమ్మ ఇంట్లో కూర్చోబెట్టారు.

ఆయన కన్నార్పకుండా ఆమె చేతులకేసి చూస్తూ ఉండేవాడు. ఆమె మంచినీళ్ళకు లేస్తే తనూ లేచేవాడు. ఆమె చెమట తుడుచుకుంటే, తుడుచుకున్న కొంగు విదిలించమనేవాడు.

"ఏమనుకోకు. కంసాలి వాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాలని మా ఇంట్లో అందరూ అంటారు," అనేవాడు.

"ఏమీ అనుకోను బాబూ," అనేది సూరమ్మ. కానీ ప్రతి కాసు అతికేటప్పుడూ వెనక నుంచి ఆ చూపు వీపుకు గుచ్చుకుంటూనే ఉండేది.

కాసులపేరు పూర్తయింది. కుంపటి బూడిద కూడా కడిగి, అందులో మిగిలిన బంగారు రజను ఏరి వాళ్ళ చేతికిచ్చింది. త్రాసులో వేసి చూస్తే ఆవగింజంత తేడా లేదు.

"సరిగ్గానే ఉందిలే," అని మేనమామ నగ మూటకట్టుకుని వెళ్ళిపోయాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆ వారంలోనే శెట్టి మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే మాట అడిగాడు. ఈసారి సూరమ్మ నవ్వలేదు. "వద్దు శెట్టిగారూ," అన్నది. ఆ మాట మెల్లగా వచ్చింది. శెట్టి తెలివైనవాడు. ఆ మెల్లదనం కనిపెట్టాడు.

వానలు మొదలయ్యాయి. కుమ్మరి సాయన్న, అతని భార్య ఈరమ్మ కలిసి వచ్చారు. ఇద్దరూ నడివయసు దాటినవాళ్ళు. ఈరమ్మకు కమ్మలు చేయించాలని వచ్చారు.

"పెళ్ళినాడే చేయిస్తానన్నాడమ్మా ఈయన. నా జుట్టు నెరిసింది, ఈయనకి ఇప్పుడు గుర్తొచ్చింది," అని నవ్వింది ఈరమ్మ. ఆమె చెవి వెనక ఎండిన మట్టి చార ఉంది. నవ్వుతూనే అది తుడుచుకుంది.

సూరమ్మ ఆ చెవులు చూసింది. తమ్మెలు పలచగా ఉన్నాయి, బరువు మోయలేవు. "తేలిగ్గా చేస్తాను. నీకు పెట్టుకున్నట్టే తెలియదు. వచ్చే పున్నమికి రండి," అన్నది.

కానీ వానకు ఆమె భుజం మరింత పట్టేసింది. చేయి వణికేది. చిన్న పని, సన్న పని, వణికే చేత్తో కుదరదు. పున్నమి వెళ్ళింది. మళ్ళీ రమ్మని కబురు పెట్టింది. ఎలాగో పూర్తి చేసేసరికి ఇంకొన్ని వారాలు పట్టింది.

సాయన్న ఒక్కడే వచ్చాడు.

"ఈరమ్మ రాలేదా?" అని అడిగింది సూరమ్మ.

"లేదమ్మా. జ్వరం వచ్చింది. పోయింది," అన్నాడు సాయన్న.

ఏది పోయిందో అడగనక్కర లేకపోయింది. అతని మొహం చూస్తే తెలిసింది. సూరమ్మ కమ్మలు అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడింది.

"నేను ఆలస్యం చేశాను సాయన్నా."

"జ్వరం మనకోసం ఆగుతుందా అమ్మా. నువ్వేం చేస్తావు," అన్నాడు అతను. కమ్మలు తీసుకున్నాడు. వెలుతురులో పట్టుకుని చూశాడు. "తేలిగ్గా ఉన్నాయి. చెప్పినట్టే చేశావు," అని పంచె చెంగున ముడి వేసుకుని వానలో వెళ్ళిపోయాడు.

ఆ రోజు సూరమ్మకు ఒళ్ళు మాత్రమే కాదు, మనసు కూడా అలసిపోయింది. కుంపటి రాజేయలేదు. మర్నాడూ రాజేయలేదు. బూడిద చల్లారిపోయి, దాని మీద కప్పు కారి నీళ్ళు పడుతున్నా లేచి గిన్నె పెట్టలేదు.

శెట్టి మూడోసారి వచ్చాడు. ఏమీ అడగలేదు. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళు కొట్టాలి గుర్తు?" అని సూరమ్మే అడిగింది.

"రెండేళ్ళకు మాట ఇవ్వు చాలు."

ఊరి పెద్దల ముందు మాట ఇచ్చింది. పిచ్చుక పాదం ముద్రను కొంగులో కట్టుకుని శెట్టి అంగడికి వెళ్ళి వసారాలో కూర్చుంది.

శెట్టి ఆడిన మాట తప్పలేదు. వేళకు వేడి అన్నం వచ్చేది. నూనెతో భుజం మర్దించడానికి ఒక ముసలమ్మను పెట్టాడు. సూరమ్మ కొన్ని నెలల పాటు ఆకలి తీరా తింది, కంటి నిండా నిద్రపోయింది. భుజం వదులైంది. కళ్ళ ఎరుపు తగ్గింది.

పనివాళ్ళు బుట్టలో నగలు తెచ్చి ముందు పెట్టేవారు. మొదట్లో సూరమ్మ ఒక్కొక్క నగనూ తీసి, తిప్పి, తడిమి, ఆ తర్వాతే ముద్ర కొట్టేది. బాగా లేనివి పక్కన పెట్టేది. 

"ఇంత చూస్తే బుట్ట ఎప్పటికి ఖాళీ అవుతుంది సూరమ్మా?" అన్నాడు శెట్టి నవ్వుతూ.

అప్పటినుంచి గుర్తు కొట్టవలసిన చోటు మాత్రమే చూసేది. కొన్నాళ్ళకు అదీ మానేసింది. ముసలమ్మతో కబుర్లు చెబుతూ, వీధిలోకి చూస్తూ, చేతికి తగిలినదాని మీద టక్కున కొట్టేది. ఆ తర్వాత ఒక రోజు శెట్టి, "ఈ ఎండలో నువ్వు రావడమెందుకు? ముద్ర ఇక్కడే వదిలెయ్యి, మావాళ్ళే కొట్టుకుంటారు," అన్నాడు.

సూరమ్మ ముద్ర ఇచ్చేసింది. ఇంట్లోనే ఉండిపోయింది.

ఒక రోజు పొద్దున్న ఆమె వాకిట్లో ఒక గొర్రెల కాపరి ఆడమనిషి వచ్చి నిలబడింది. పేరు మాచమ్మ. కాళ్ళకు ఎర్ర దుమ్ము, చంకలో బిడ్డ. కొండల అవతలి నుంచి నడిచి వచ్చింది.

"పిచ్చుక పాదం సూరమ్మగారు మీరేనా అమ్మా?"

"నేనే. కూర్చో. ముందు మజ్జిగ తాగు."

మాచమ్మ కూర్చోలేదు. ఏదో తప్పు చేసి వచ్చినదానిలా గుమ్మం పక్కన ఒదిగి నిలబడి, ఒడిలోంచి ఒక గుడ్డ మూట తీసింది. అందులో చిన్న వెండి కడియాల జత ఉంది.

"సంతలో శెట్టిగారి మనిషి దగ్గర కొన్నానమ్మా, మీ గుర్తు చూసి. నా బిడ్డకు తొడిగాను. నాకు తొడగడం సరిగ్గా చేతకాలేదు. ఎలా తొడగాలో ఒకసారి చూపిస్తారా?"

"తొడగడంలో ఏముందమ్మా?" అన్నది సూరమ్మ.

మాచమ్మ బిడ్డ కాలు ముందుకు చాపింది. చీలమండ చుట్టూ వలయంలా పుండు పడి, కొంత మానింది, కొంత ఇంకా పచ్చిగా ఉంది. బిడ్డ ఏడవలేదు. కానీ సూరమ్మ చేయి దగ్గరకు రాగానే కాలు ముడుచుకుంది.

"తిరగేసి తొడిగాననుకుంటాను. లేకపోతే బిగించి తొడిగానేమో. మా అత్త రోజూ తిడుతుంది. సూరమ్మగారి చేతి పనికి వంక ఉండదు, నీ చేతకానితనమే అంటుంది. నిజమే కదమ్మా. మీ చేయి తప్పదు కదా."

సూరమ్మ కడియం తీసుకుంది. లోపలి వైపు చిటికెన వేలు పెట్టి తిప్పింది. అచ్చులోంచి తీశాక ఆకురాయితో రుద్ది నున్న చేయలేదు. అంచు రంపంలా ఉంది. సగం చుట్టు తిరిగేసరికి వేలు చివర నెత్తురు బొట్టు నిలిచింది. పైన మాత్రం పిచ్చుక పాదం స్పష్టంగా, నిండుగా ఉంది.

ఆ తల్లి తిట్టి ఉంటే బాగుండేది. మొహాన కొట్టి ఉన్నా బాగుండేది. కొండలు దిగి నడిచి వచ్చి, తప్పు తనదేనంటూ నిలబడింది.

"మాచమ్మా, విను," అన్నది సూరమ్మ. "తొడగడంలో తప్పు లేదు. నీలో తప్పు లేదు. ఇది నేను చేయలేదు."

"మీ గుర్తుందమ్మా."

"గుర్తు నాదే. పని నాది కాదు. నేను చూడకుండానే నా గుర్తు పడింది. తప్పు నాది. మీ అత్తకు కూడా ఈ మాటే చెప్పు. నేను చెప్పానని చెప్పు."

మాచమ్మకు ఆ మాటలు సగమే అర్థమయ్యాయి. కానీ ఆమె మనసు మీది బరువు దిగింది. అప్పుడు కూర్చుంది. అప్పుడు మజ్జిగ తాగింది.

సూరమ్మ ఇన్నాళ్ళకు కుంపటి తుడిచి నిప్పు రాజేసింది. బిడ్డను వాకిట్లో నడిపించి చూసింది. ఎక్కడ కాలు ముందు ఆనుతుందో, ఏ పక్కకు ఒరుగుతుందో చూసింది. ఆ వెండినే కరిగించి, వేరే కడియాలు చేసి, పుండు మానేదాకా తొడగవద్దని చెప్పి ఇచ్చింది. వాటి మీద కొట్టడానికి ముద్ర ఆమె దగ్గర లేదు.

మాచమ్మ వెళ్ళాక తిన్నగా శెట్టి అంగడికి వెళ్ళింది.

"శెట్టిగారూ, నా ముద్ర నాకు ఇచ్చేయండి."

"రెండేళ్ళు కాలేదే."

"ఒక పసిబిడ్డ కాలు కోసుకుపోయింది."

శెట్టి మొహం ఒక్క క్షణం వాడింది. "అయ్యో. ఏదో ఒకటీ అరా అలా జరుగుతుంది. ఇంకో జత ఇప్పిద్దాం. దానికి ముద్ర తిరిగి ఇవ్వడమెందుకు? నేను అంగడి పెంచాను, మనుషుల్ని పెట్టాను, అంతా నీ మాట నమ్మి చేశాను," అన్నాడు.

అందులోనూ నిజం ఉంది. సూరమ్మకు అది తెలుసు. మాట తెగక ఇద్దరూ రాజుగారి కొలువుకు వెళ్ళారు.

రాజు ముసలివాడు, నెమ్మదస్తుడు. శెట్టి చెప్పింది విన్నాడు. తర్వాత సూరమ్మ వైపు తిరిగాడు.

"మాట ఇచ్చావా అమ్మా?"

"ఇచ్చాను ప్రభూ."

"శెట్టి నిన్ను మోసం చేశాడా?"

"లేదు. ఏం చేస్తానని చెప్పాడో అదే చేశాడు. నన్ను బాగా చూసుకున్నాడు."

"మరి ఎందుకు మాట తప్పుదామనుకుంటున్నావు?"

"అలసిపోయి మాట ఇచ్చాను ప్రభూ. నేను అలసిపోతే నేను పడుకోవాలి. నా పేరును పనికి పంపించి నేను పడుకున్నాను. అది ఎవరి కాళ్ళు కోస్తోందో నేను చూడలేదు."

రాజు గడ్డం నిమురుకున్నాడు.

"నీ బాధ నాకు అర్థమైంది. కానీ పెద్దల ముందు ఇచ్చిన మాట నేను కొట్టేస్తే, రేపు ఈ రాజ్యంలో ఎవరి మాటకూ విలువ ఉండదు. రెండేళ్ళు నిండేదాకా ఆ ముద్ర శెట్టిదే," అన్నాడు.

శెట్టి నమస్కారం చేశాడు. సూరమ్మ కదలలేదు.

"అలాగే ఉంచుకోనివ్వండి ప్రభూ. రెండేళ్ళయ్యాక కూడా నాకు వద్దు, అతనికే ఇచ్చేస్తున్నాను. నాకు రెండే అనుమతులు కావాలి. ఆ గుర్తున్న నగలు నా చేతివి కావని బజారులో చెప్పుకోనివ్వండి. ఇకమీద గుర్తు లేకుండా నగలు చేసుకోనివ్వండి."

రాజు తల ఊపాడు. "నిజం చెప్పడానికి అనుమతి ఎందుకమ్మా. గుర్తు లేకుండా పని చేసుకోకూడదని ఏ శాసనంలోనూ లేదు. వెళ్ళు," అన్నాడు.

శెట్టి నమస్కారం చేసిన చేతులు అలాగే ఉండిపోయాయి.

మర్నాడు పెద్దబజారు కూడలిలో దండోరా మోగింది. దండోరా వేసేవాడి పక్కన సూరమ్మ తనే నిలబడింది. శెట్టి అంగడిలో తను కూర్చున్న నాటి నుంచి పిచ్చుక పాదం పడిన ఏ నగా తన చేతిది కాదని, అది తన తప్పేనని, ఆ నగ గుచ్చుకున్నా విరిగినా తన ఇంటికి తెస్తే ఉచితంగా సరిచేస్తానని చెప్పింది.

జనం మెచ్చుకోలేదు. మెచ్చుకుంటారని ఆమె అనుకోలేదు కూడా.

"ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసం చేశావా?" అని ఒకడు అడిగాడు.

"చేశాను," అన్నది సూరమ్మ.

అతను తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోయాడు.

నగలు రావడం మొదలైంది. ఉంగరాలు, జుమికీలు, కంటెలు, కొక్కెం ఊడిన గొలుసులు. కొందరు విసిరి వెళ్ళారు. కొందరు తిట్టి వెళ్ళారు. సూరమ్మ ఒక్కొక్కటీ తీసుకుని, ఆ మనిషిని కూర్చోబెట్టి, చేయి చూసి, మెడ చూసి, మళ్ళీ మొదటి నుంచి చేసింది. భుజం మళ్ళీ బిగుసుకుంది. కళ్ళు మళ్ళీ ఎరుపెక్కాయి. కానీ ఈసారి ఆమె ఒక కొత్త పని నేర్చుకుంది. చేయి వణకగానే ఊదుగొట్టం పక్కన పెట్టేది. వాకిట్లో ఎందరున్నా సరే, "ఇవాళ్టికి నా చేతిలో సత్తువ అయిపోయింది. రేపు రండి," అని చెప్పి తలుపు వేసుకునేది.

మొదట్లో కోపం తెచ్చుకున్నారు. రానురాను అలవాటు పడ్డారు. ఆలస్యమైతే ఆలస్యమవుతుందని ఆమె ముందే చెప్పేది. తొందర ఉన్నవాళ్ళను వేరే పనివాళ్ళ దగ్గరకు తనే పంపేది.

శెట్టి అంగడిలో మాత్రం సంగతి తలకిందులైంది. వచ్చినవాళ్ళు నగ తిప్పి చూసి, "దీని మీద పిచ్చుక పాదం ఉందే. గుర్తు లేనిది లేదా?" అని అడగసాగారు. శెట్టి రెండు రోజులు విన్నాడు. మూడో రోజు పనివాళ్ళను కూర్చోబెట్టి నగలన్నిటి మీదా గుర్తు గీకించేశాడు. అప్పుడు వచ్చినవాళ్ళు ఆ గీకిన చోటు తడిమి చూసి వెళ్ళిపోయారు. గుర్తే కొట్టకుండా కొత్తవి చేయించి పరిచాడు.

"ఇవి సూరమ్మగారు చేసినవా?" అని అడిగారు.

"గుర్తు లేదు కదా, చూడండి," అన్నాడు శెట్టి.

"ఆమె చేస్తే మాకు తెలియకుండా ఎలా చేస్తుంది? మమ్మల్ని చూడాలి కదా," అని నవ్వి వెళ్ళారు.

వేరేవాళ్ళు వాడుకోవడానికి ఇక ఏ గుర్తూ లేకుండా పోయింది. ఆమె ముందు కూర్చుని, ఆమెతో మాట్లాడి, ఆమె చేత తొడిగించుకున్నదే ఆమె నగ. ఊరంతా ఆ మాటే అనుకున్నారు.

ఏడాది తిరిగింది. ఒక మధ్యాహ్నం కుప్పయ్య శెట్టి సూరమ్మ అరుగు మీదికి వచ్చాడు. పక్కన అతని తల్లి అచ్చమ్మ ఉంది. ముసలావిడ వేళ్ళ కణుపులు వాచి ముడులు ముడులుగా ఉన్నాయి. ఒక వేలికి పాత ఉంగరం కండలోకి దిగిపోయి ఉంది.

అరుగు మీద అప్పటికే ఒక చాకలి ఇల్లాలు, ఒక పడవ సరంగు కూర్చుని ఉన్నారు. శెట్టి వాళ్ళను దాటి లోపలికి వెళ్ళబోయి, ఏమనుకున్నాడో, ఆగి చివర్న కూర్చున్నాడు.

వంతు వచ్చాక సూరమ్మ ముసలావిడ చేయి ఒడిలోకి తీసుకుంది.

"నొప్పి ఉందా పెద్దమ్మా?"

"ఉంది తల్లీ. తీయించేద్దామంటాడు వీడు. ఇది వీళ్ళ నాన్న తొడిగింది. తీస్తే మళ్ళీ ఎక్కదు. మా అంగడిలో అన్ని ఉంగరాలున్నాయి. ఒక్కటీ ఈ వేలికి పట్టదు," అన్నది అచ్చమ్మ.

సూరమ్మ సన్న రంపంతో మెల్లగా, ముసలావిడ కబుర్లు వింటూ, ఉంగరం కోసి తీసింది. వేలికి గాలి తగిలి అచ్చమ్మ కళ్ళు మూసుకుంది.

"పక్కకు చిన్న కీలు పెడతాను. తెరిచి తొడుక్కోవచ్చు, మూసుకోవచ్చు. కణుపు దాటే పని లేదు. బంగారం మాత్రం ఇదే," అన్నది సూరమ్మ.

"ఎప్పటికవుతుంది?" అని అడిగాడు శెట్టి.

"చెప్పలేను. ఈ వారం నా భుజం బాగా లేదు. తగ్గాక మొదలుపెడతాను."

శెట్టి ఆమె భుజం వైపు చూశాడు. "సూరమ్మా, మా దగ్గర ఉన్నప్పుడు నీకు ఈ బాధ లేదు కదా. ఇప్పుడు మళ్ళీ అలసిపోతున్నావు."

"అలసిపోతున్నాను శెట్టిగారూ. ఎప్పుడూ అలసిపోతూనే ఉంటాను, ఈ పని అలాంటిది. అప్పుడు అది దాచుకున్నాను. ఇప్పుడు వచ్చినవాళ్ళతో చెబుతున్నాను. వాళ్ళు ఆగుతున్నారు."

"ఆగుతాంలే," అన్నది అచ్చమ్మ కొడుకుకు బదులుగా. "నాకేం తొందర లేదు."

శెట్టి తల్లి చేయి పట్టుకుని మెట్లు దింపాడు. సూరమ్మ కోసిన ఉంగరాన్ని చిన్న గుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది. పని మిగిలే ఉంది. పొద్దూ మిగిలే ఉంది. అయినా కుంపటి ఆర్పి, చాప పరుచుకుని పడుకుంది.

అలసిన చేయి ఆగితే తప్పు లేదు; తాను చేయని పనికి తన పేరు పెట్టనిస్తేనే తప్పు.